చలికాలం వంటిల్లు: ఆకలేస్తోందా, చలేస్తోందా?

చలికాలంలో ఇంట్లో అన్నిటికన్నా ముందు వెచ్చబడే గది వంటిల్లే. స్టవ్ వెలిగించిన కాసేపటికే కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టేస్తుంది, ఏదో పనున్నట్టు ఒక్కొక్కరూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడతారు, ఏం వండుతున్నారని అడుగుతారు, మూత తీసి చూస్తారు, ఒక ముక్క నోట్లో వేసుకుని వెళ్తారు, మళ్ళీ ఐదు నిమిషాలకి వస్తారు. ఆకలేసి వచ్చారా చలేసి వచ్చారా అని అడిగితే వాళ్ళకీ తెలీదు. చలికాలం వంటలో ఉన్న సుఖం, దాంతోపాటే వచ్చే టెంప్టేషన్, రెండూ పుట్టేది ఇక్కడే. ఒంటికి కావాల్సింది వెచ్చదనం, నోరు అడిగేది తిండి, రెండూ దొరికేది ఒకే పొయ్యి దగ్గర. ఈ రెండిట్నీ కాస్త విడదీసి చూస్తే వంట మీద ఇష్టం తగ్గదు, పైగా దేన్ని ఎందుకు ఇష్టపడుతున్నామో తెలుస్తుంది.

ముందు చిన్న లెక్క. 300 మిల్లీలీటర్ల సూప్ 60 డిగ్రీల వేడిగా తాగామనుకుందాం, అది ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకి దిగేలోపు మనకిచ్చే వేడి దాదాపు 7 కిలోక్యాలరీలు. 60 కిలోల మనిషి ఊరికే కూర్చున్నా గంటకి సుమారు 60 కిలోక్యాలరీల వేడి తనంతట తనే పుట్టిస్తాడు. అంటే గిన్నెడు సూప్ ఇచ్చిన వేడి ఒళ్ళు ఏడు నిమిషాల్లో చేసుకునేదానితో సమానం. మరి అది గొంతు దిగగానే ప్రాణం లేచొచ్చినట్టు ఎందుకుంటుంది అంటే, వెచ్చదనం అనేది కేవలం వేడి ఎంత చేరిందన్న లెక్క కాదు కాబట్టి. అరచేతులు, పెదాలు, నాలుక, గొంతు, వీటన్నిట్లో వేడిని పసిగట్టే నరాలున్నాయి, గిన్నె చేత్తో పట్టుకున్న క్షణం నుంచీ అవన్నీ ఒకేసారి మెదడుకి కబురు పంపిస్తాయి, ఆవిరి మొహానికి తగులుతుంది, ముక్కు తెరుచుకుంటుంది. 2008లో కార్డిఫ్ యూనివర్సిటీ వాళ్ళు జలుబుతో ఉన్నవాళ్ళకి ఒకే పళ్ళరసం కొందరికి వేడిగా, కొందరికి గది వేడిలో ఇచ్చి చూశారు. ముక్కు కారడం, దగ్గు, తుమ్ములు రెండు రకాలకీ తగ్గాయిగానీ గొంతు నొప్పి, వణుకు, నీరసం తగ్గినట్టు చెప్పింది వేడిగా తాగినవాళ్ళే. లోపల ఉన్న పదార్థం అదే, తేడా అంతా వేడిదే.

కారం సంగతి ఇంకా చిత్రం. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నాలుక మీద అంటుకునేది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకానికి, అది అసలు ఉన్నది దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని గుర్తుపట్టడానికి. అంటే కారం తిన్నప్పుడు మెదడుకి వెళ్ళే కబురు "నోరు కాలుతోంది" అనే. దీన్ని 1997లో డేవిడ్ జూలియస్ అనే అమెరికా శాస్త్రవేత్త బృందం బయటపెట్టింది, 2021లో ఆయనకి వైద్యంలో నోబెల్ వచ్చింది కూడా. మిరియాల ఘాటు కూడా ఇదే దారిలో పనిచేస్తుంది. అందుకే చలిలో కారం కారంగా తినాలనిపించడం అంత సహజం, వేడి లేకుండానే వేడి తగిలినట్టుంటుంది. కాకపోతే ఒళ్ళు దాన్ని నిజమైన వేడి అనుకుని చెమట పట్టిస్తుంది, చెమటంటే ఒంట్లో వేడి బయటికి పోవడమే, కాబట్టి బాగా కారం తిని చెమటలతో చలిగాలిలోకి వెళ్తే ఇంకా వణుకొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, చలికాలంలో ఎక్కువ తినాల్సిన అవసరం నిజంగా ఉందా? వణికేంత చలిలో ఆరుబయట పనిచేసేవాళ్ళకి కచ్చితంగా ఉంది, వణుకంటే కండరాలు వేడి కోసం ఇంధనం మండించడమే. వణుకు లేకుండా వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు కూడా ఒకటుంది, అది పసిపిల్లల్లో తప్ప పెద్దవాళ్ళలో చెప్పుకోదగ్గంత ఉండదని చాలాకాలం అనుకున్నారు, 2009లో ఒకేసారి వచ్చిన పరిశోధనల్లో పెద్దవాళ్ళలో కూడా అది ఉందనీ చలి తగిలితే పనిచేస్తుందనీ తేలింది. కానీ ఇదంతా చలి ఒంటికి తగిలితే కదా. స్వెటర్ వేసుకుని, తలుపులేసుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి ఒంటికి అసలు చలే తెలీదు, పైగా నడక తగ్గింది, పొద్దు పొట్టిదైంది, బయటికెళ్ళడం మానేశాడు. ఖర్చు తగ్గి ఆకలి మాత్రం పెరిగినట్టు అనిపించే కాలం ఇది. అమెరికాలో 195 మంది పెద్దవాళ్ళని బరువు తూస్తూ వెళ్ళిన ఒక అధ్యయనం 2000లో వచ్చింది, అక్కడి చలికాలపు పండగల సీజన్లో సగటున పెరిగింది 0.37 కిలోలే, జనం భయపడేంత ఏం కాదు. కాకపోతే ఆ కాస్తా తర్వాతి ఎండాకాలం వచ్చినా దిగలేదు, అసలు ఇబ్బంది అక్కడుంది.

ఇంకో విషయం, ఇది తెలిస్తే వంట ఎంచుకునే పద్ధతే మారుతుంది. తిన్నది అరిగించుకోవడానికి ఒళ్ళు కొంత శక్తి ఖర్చు పెడుతుంది, అది వేడిగా బయటికొస్తుంది, భోంచేశాక ఒళ్ళు వెచ్చబడటం అందుకే. అయితే ఆ వేడి అన్ని రకాల తిండికీ ఒకేలా ఉండదు. ప్రొటీన్లో ఉన్న శక్తిలో 20 నుంచి 30 శాతం దాకా ఇలా ఖర్చవుతుంది, పిండిపదార్థాల్లో 5 నుంచి 10 శాతం, కొవ్వులో మహా అయితే 3 శాతం. అంటే చలికి ఒళ్ళు వెచ్చబడాలని వేపుళ్ళు తినడం దాదాపు తిరకాసు వ్యవహారం, అన్నిటికన్నా తక్కువ వేడిచ్చేది నూనే. గిన్నెడు చిక్కటి పప్పో బీన్సో మాంసం పులుసో ఇచ్చే వెచ్చదనం ప్లేటుడు వేపుడు ఇవ్వదు. నూనె వస్తువు అంత కమ్మగా ఉండటానికి కారణం వేరే, వాసననిచ్చే పదార్థాలు చాలావరకు కొవ్వులో కరుగుతాయి, కొవ్వు నాలుక మీద పరుచుకుని ఆ రుచిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. అది రుచి, వెచ్చదనం కాదు.

సన్నసెగ మీద గంటలతరబడి ఉడికే గిన్నె ఉంది చూశారా, చలికాలం వంటలన్నిటికీ అదే రాజు. ఎండాకాలంలో మూడు గంటలు స్టవ్ వెలుగుతూ ఉంటే ఇంట్లో ఉండలేం, అదే చలికాలంలో ఆ మూడు గంటలే అసలు లాభం, కూర ఉడుకుతుంది, ఇల్లు ఘుమఘుమలాడుతుంది, తినకముందే సగం సుఖం అందేస్తుంది. ఆ గిన్నెలో జరిగే పని కూడా తొందరపెడితే జరిగేది కాదు. గట్టి మాంసాన్ని పట్టి ఉంచే కొలాజెన్ 60-70 డిగ్రీలు దాటాక మెల్లిగా కరగడం మొదలుపెట్టి గంటలు గడిచేకొద్దీ జెలటిన్ అవుతుంది, పులుసు చిక్కబడి పెదాలకి జిగురుగా తగిలేది అదే, చల్లారాక గడ్డకట్టేదీ అదే. పెద్దమంట పెట్టి గలగలా మరిగిస్తే కొలాజెన్ కరిగేలోపే కండ బిగుసుకుని నీరంతా కక్కేస్తుంది, పులుసులో నానుతూనే ముక్క పొడిపొడిగా తయారవుతుంది. అందుకే గిన్నెలో అక్కడో బుడగ ఇక్కడో బుడగ లేచేంత సెగ చాలు. టైమ్ లేనివాళ్ళకి ప్రెషర్ కుక్కర్ ఉండనే ఉంది, 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎముకల్ని మెత్తబరచడానికి చేసిన పాత్రే దానికి తాత, లోపల ఆవిరి బిగబట్టడంతో నీళ్ళు 120 డిగ్రీల దాకా వేడెక్కి మూడు గంటల పని అరగంట, ముప్పావుగంటలో అయిపోతుంది. పని అవుతుంది, నిజమే, కానీ ఆ మూడు గంటల వాసన మాత్రం రాదు, చలికాలంలో అది చిన్న నష్టమేం కాదు.

ఉల్లిపాయలు ఇంకో పాఠం. సన్నగా తరిగి తక్కువ సెగ మీద ముప్పావుగంట ఓపిగ్గా వేయిస్తే ఎర్రబడి తియ్యగా అవుతాయి. నీరు ఆవిరయ్యి చక్కెరలు చిక్కబడటం ఒకటి, చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వందలకొద్దీ కొత్త వాసనల్ని పుట్టించడం ఇంకోటి. 1912లో లూయీ కమీల్ మైయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త చెప్పిన చర్య ఇది, రొట్టె పైపొర ఎర్రబడటం, కాఫీ గింజ రంగు మారటం అన్నీ ఇదే. తడి ఉన్నంతసేపూ 100 డిగ్రీలు దాటదు కాబట్టి మొదట్లో ఎంతకీ రంగు రాదు, సరిగ్గా అప్పుడే విసుగొచ్చి మంట పెంచేస్తాం, అంచులు మాడి మధ్యలో పచ్చిగా ఉండిపోతాయి. ఈ ఓపిక దొరికే కాలం చలికాలమే, ఎందుకంటే పొయ్యి దగ్గర నిలబడటం అప్పుడు శిక్షలా ఉండదు.

దుంపల్లో కూడా చలి పనిచేస్తుంది. మంచు పడే చోట నేలలో ఉన్న క్యారెట్టు తన కణాలు గడ్డకట్టకుండా కాపాడుకోవడానికి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది, అందుకే చలి తిన్న క్యారెట్టు తియ్యగా ఉంటుంది. ఇదే పని బంగాళాదుంప ఫ్రిజ్‌లో చేస్తే మాత్రం మనకి మేలు కాదు, ఆ చక్కెర వల్ల వేపుడు త్వరగా నల్లబడుతుంది, రంగు ముదిరేకొద్దీ అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పెరుగుతుంది. వేయించిన, కాల్చిన పిండి వస్తువుల్లో అక్రిలమైడ్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2002లో బయటపెట్టారు. వేపుడుకి వాడే దుంపల్ని ఫ్రిజ్‌లో కాకుండా చీకటిగా ఉన్న అలమరాలో పెట్టుకుని, బంగారు రంగు రాగానే దించేస్తే చాలు.

బీన్స్ గురించి ఒక్క మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే సన్నసెగ అనగానే అన్నిటికీ అదే మంచిది అనిపిస్తుంది. రాజ్మా లాంటి ఎర్ర బీన్స్‌లో లెక్టిన్ అనే ఒక విష ప్రొటీన్ ఉంటుంది, సరిగ్గా ఉడక్కపోతే కొద్ది గింజలు తిన్నా గంటల్లో వాంతులు, విరేచనాలు. స్లో కుక్కర్ లాంటివాటిలో వేడి మరిగేదాకా వెళ్ళకపోతే ఆ విషం పోదు, 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే పచ్చి గింజలకన్నా ఎక్కువ ప్రమాదం కావచ్చు కూడా. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు బాగా మరగనిచ్చి, ఆ తర్వాతే సన్నసెగ. ఇంకో చిన్న సంగతి, టమాటా గానీ చింతపండు గానీ ముందే వేస్తే ఆ పులుపుకి గింజ పైతొక్క గట్టిపడి ఎంతకీ మెత్తబడదు, పులుపు చివర్లో వెయ్యాలి.

ఇక రుచి చూడటం అనే వంకతో జరిగే తిండి. వండేవాళ్ళు గంటె గంటెకీ రుచి చూస్తారు, చూడాలి కూడా, కాకపోతే పొయ్యి పక్కన నిలబడి తిన్నదాన్ని ఎవరూ తిండిగా లెక్కేసుకోరు. దానికితోడు ముక్కు అలవాటు పడిపోతుంది, ఒకే వాసన గంటసేపు పీలిస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, అందుకే వండినవాళ్ళకి చప్పగా అనిపించిన కూర బయట చలిలోంచి వచ్చినవాళ్ళకి గుమ్మంలోనే నోరూరిస్తుంది. చప్పగా ఉందని ఉప్పు పెంచేస్తారు, అదీ తప్పే, ఎందుకంటే ఎక్కువసేపు ఉడికేదాంట్లో నీరు ఇగిరిపోతుంది, 2 లీటర్లు 1 లీటరు అయితే ఉప్పదనం రెట్టింపవుతుంది. సగం ఉప్పు వేసి ఆపి, కూర పూర్తయ్యాక ఒక స్పూను పక్కన తీసి, కాస్త చల్లారనిచ్చి, వీలైతే రెండు నిమిషాలు బయటిగాలి పీల్చుకొచ్చి చూస్తే అసలు రుచి తెలుస్తుంది.

వేపుళ్ళ టెంప్టేషన్ ఎంత చెప్పినా తక్కువే, చలి సాయంత్రం నూనె చుయ్‌మన్న శబ్దం వింటే ఎవరు కాదంటారు. అసలు మానేయమనడంలో అర్థం లేదు, బాగా వేయించడం నేర్చుకోవడంలో ఉంది. నూనె 175-190 డిగ్రీల మధ్య ఉంటే ముక్కలోని నీరు ఆవిరై జోరుగా బయటికి తన్నుకొస్తుంది, ఆ ఆవిరి బయటికొస్తున్నంతసేపూ నూనె లోపలికి పోలేదు. చలికాలంలో పిండీ చల్లగానే ఉంటుంది, ముక్కలూ చల్లగానే ఉంటాయి, ఒకేసారి బాణలి నిండా వేస్తే నూనె వేడి పడిపోయి అన్నీ నూనె పీల్చుకుని మెత్తగా వస్తాయి. కొన్ని కొన్నిగా వెయ్యాలి. ఇంకోటి, నూనె ఎక్కువగా లోపలికి వెళ్ళేది వేగుతున్నప్పుడు కాదు, తీశాక, లోపలి ఆవిరి చల్లారుతుంటే పైనున్న నూనెని లోపలికి లాక్కుంటుంది. అందుకే తియ్యగానే బాగా విదిలించి వెంటనే కాగితం మీద వెయ్యాలి, ఒక నిమిషం ఆలస్యమైనా తేడా కనిపిస్తుంది.

పులిసే పిండి చలికాలంలో ఇబ్బంది పెడుతుంది, అదీ కొంచెం అర్థం చేసుకుంటే వరమే. వేడి తగ్గేకొద్దీ ఈస్టూ బ్యాక్టీరియా నెమ్మదిస్తాయి, ఎండాకాలంలో నాలుగు గంటల్లో పొంగింది ఇప్పుడు రాత్రంతా తీసుకోవచ్చు. తొందరున్నవాళ్ళు వెలిగించని ఓవెన్లో వేడినీళ్ళ గిన్నె పక్కన పెట్టి తలుపు మూసేయొచ్చు. తొందర లేకపోతే అలానే వదిలెయ్యడం మేలు, నిదానంగా పులిసిన పిండిలో వాసననిచ్చే ఆమ్లాలు ఎక్కువ తయారవుతాయి, రొట్టె రుచే వేరుగా ఉంటుంది.

అన్నిటికన్నా మోసం చేసే టెంప్టేషన్ నోటికి సంబంధించింది కాదు, బద్ధకానికి సంబంధించింది, "చలేగా, పాడవదులే" అని పెద్ద గిన్నె రాత్రంతా స్టవ్ మీదే వదిలెయ్యడం. బయట ఎంత చలున్నా వంటిల్లు 20 డిగ్రీలుంటే బ్యాక్టీరియాకి అది చక్కగా సరిపోతుంది, 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కడైనా అవి పెరుగుతాయి. పైగా పెద్ద గిన్నె నిండా చిక్కటి పులుసుంటే మధ్యభాగం గంటలతరబడి గోరువెచ్చగానే ఉంటుంది, క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, 43-47 డిగ్రీల దగ్గర అవి పది నిమిషాలకోసారి రెట్టింపయ్యేంత వేగంగా పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సెరియస్ అని ఇంకోటుంది, అది ఒకసారి విషం విడుదల చేశాక మళ్ళీ ఎంత వేడిచేసినా ఆ విషం పోదు. వండిన రెండు గంటల్లోపు వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి, రెండు మూడు అంగుళాల లోతుంటే తొందరగా చల్లారుతుంది. మర్నాడు పులుసుకి రుచి ఇంకా పెరుగుతుంది కూడా, మసాలాలు ముక్కలోకి దిగుతాయి, కాబట్టి ఈ పని చేసినవాళ్ళకి రెండోరోజు బహుమతి ఖాయం.

దీనికన్నా ప్రమాదం ఇంకోటుంది, స్టవ్‌ని హీటర్‌లా వాడటం. వంటయిపోయాక కూడా చలి కాచుకుందామని గ్యాస్ వెలిగించే ఉంచడం, తలుపులూ కిటికీలూ బిగించేసి ఓవెన్ తలుపు తెరిచి పెట్టడం, బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకోవడం, ఇవి ప్రాణాలు తీసే పనులు. గాలి చాలక మంట సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసనా లేదు రంగూ లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. తలనొప్పి, మత్తు, వాంతి వచ్చినట్టుండటం, చలికాలంలో ఇవన్నీ జలుబూ జ్వరం లక్షణాల్లా ఉండటంతో గుర్తుపట్టడమే కష్టం, వెచ్చగా నిద్రొస్తోందనుకుని పడుకున్నవాళ్ళు లేవకపోవచ్చు. వండుతున్నంతసేపూ కిటికీ ఒక బెత్తెడు తెరిచి ఉంచితే వచ్చే చలి గాలి పర్లేదు, అద్దాల మీద కారే నీళ్ళు కూడా తగ్గుతాయి. వంటయ్యాక మంట ఆపెయ్యాలి, ఇందులో రాజీ లేదు.

మరి ఆకలా చలా అని ఎలా తెలుసుకోవడం? ఒక మంచి పద్ధతి, భోజనానికి ముందు పలచటి కూరగాయల సూప్ తాగి కాసేపు ఆగడం. 2007లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలా ముందు సూప్ ఇచ్చి చూస్తే, సూప్‌తో కలిపి లెక్కేసినా ఆ పూట తిన్న క్యాలరీలు 20 శాతం తగ్గాయి. చలికి వచ్చిన కోరికైతే ఆ సూప్‌తోనే చాలావరకు చల్లబడుతుంది, నిజమైన ఆకలైతే ఎలాగూ ఉంటుంది, ఆకలి రుచెరగదంటారుగా, అప్పుడు ఉన్నదేదైనా బాగుంటుంది. ఇంకో ప్రయత్నం, సాయంత్రం ఆరింటికి వేపుడు మీద మనసు పోయినప్పుడు ముందు సాక్సులు వేసుకుని, ఒక కప్పు వేడి నీళ్ళో టీనో చేత్తో పట్టుకుని పది నిమిషాలు కూర్చుంటే కోరిక ఏ వైపు వెళ్తుందో తెలిసిపోతుంది.

ఆ కప్పు కూడా పొగలు కక్కుతుండగా గటగటా తాగాల్సిన పని లేదు. 65 డిగ్రీలకన్నా వేడిగా తాగే పానీయాలు అన్నవాహికకి క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరించింది. స్టవ్ మీంచి నేరుగా గిన్నెలోకి వంచిన సూప్ అంతకన్నా చాలా వేడిగా ఉంటుంది. నాలుగైదు నిమిషాలు ఆగాలి, ఆ కాసేపూ రెండు చేతులతో గిన్నెని చుట్టి పట్టుకుని ఆవిరి మొహానికి తగలనిస్తే వేళ్ళు వెచ్చబడతాయి, ముక్కు వదులవుతుంది, మొదటి గుక్క లోపలికి వెళ్ళేసరికి వణుకు ఎప్పుడో ఆగిపోయుంటుంది.